సాలీడుకు అర కాలు తక్కువ

పోయిన వారం మనం సోఫా బావని అతని దుకాణంలోనే వదిలేసి వచ్చాం. అతని చేతిలో టీ గ్లాసు ఉంది. ఎదురుగా, అతను స్వయంగా కుట్టిన రాక్షస సాలీడు ఉంది. ఆ సాలీడు కడుపులో అతని బావమరిది, అంటే మన దర్శకుడు, లోపలి నుంచి జిప్పు వేసుకుని కూర్చున్నాడు. పాపం, బావ వారం రోజులుగా ఆ గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు కాబట్టి ఇక నాన్చకుండా కథలోకి వెళ్దాం.

దర్శకుడు అలా దూరడానికి కారణం మంగళవారం ఆట. అడిగి తెచ్చుకున్న కెమెరాతో, తెలిసిన మొహాలతో, మూతపడ్డ గోదాములో అతను తీసిన 'ఎనిమిది అడుగుల దూరంలో' అనే భయానక చిత్రం ఊళ్ళో చిన్న హాల్లో పడింది. కాపలావాణ్ణి మింగడానికి సాలీడు చీకట్లోంచి బయటికి రాగానే జనం కెవ్వుమనాలి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. హాలు యజమాని సినిమాలు చూసే మనిషి కాడు. సమీక్షలు చూసే మనిషి. ఫోన్లో వచ్చే ఒక సినిమా పత్రికలో 'ఎనిమిదో కాలు' అనే మారుపేరుతో ఎవరో సాలీడు సినిమాలన్నిటికీ మార్కులు వేస్తుంటారు. ఎనిమిదికి ఇన్ని కాళ్ళు అని లెక్క. "గురువారం సాయంత్రం ఆరింటికి ఆ సమీక్ష వస్తుంది. అయిదు కాళ్ళు వస్తే ఇంకో వారం ఆడిస్తాను. అర కాలు తగ్గినా శుక్రవారం పొద్దున్నే పోస్టరు పీకించేస్తాను" అని యజమాని తెగేసి చెప్పాడు.

ఇవాళ గురువారం. దుకాణం గోడ మీద గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

"టీ తాగరా" అన్నాడు బావ సాలీడుతో.

"వద్దు" అంది సాలీడు.

"చల్లారిపోతుంది."

"నా బతుకే చల్లారిపోయింది బావా. టీ ఎంత?"

బావ గ్లాసు కోరల దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. సోఫాలు కుట్టేవాడికి ఓపిక సహజంగానే ఉంటుంది. కాసేపటికి రెండు కోరల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి గ్లాసు అందుకుని లోపలికి వెళ్ళిపోయింది. జుర్రుమన్న చప్పుడు వినిపించింది.

"అమ్మ వస్తే నేను లేనని చెప్పు" అంది సాలీడు.

"ఎక్కడికి పోయావని చెప్పను?"

"ఎక్కడికైనా. ఆవిడ మొహం నేనిప్పుడు చూడలేను. 'నేను చెప్పలేదూ' అనకపోయినా, అన్నట్టే చూస్తుంది. ఒట్టెయ్ బావా."

బావ ఒట్టు వేశాడు. వెయ్యక తప్పలేదు. ఎందుకంటే బావకి తెలిసి బావమరిదికి తెలియని సంగతి ఒకటుంది, అది రెండు రోజులుగా అతని గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉంది.

ఆట జరుగుతున్నంతసేపూ దర్శకుడు పైన ప్రొజెక్టరు గదిలో, అద్దం వెనకాల ఉన్నాడు. అతనికి వినిపించింది నవ్వు మాత్రమే. బావ నాలుగో వరసలో కూర్చున్నాడు. అతనికి మాటలు కూడా వినిపించాయి. సాలీడు వీపు తిప్పగానే వెనక నుంచి ఎవరో "ఒరేయ్, సోఫా వస్తోందిరోయ్!" అని అరిచారు. ఇంకెవరో "జరగండి, ముగ్గురం సర్దుకుని కూర్చోవచ్చు" అన్నారు. అంతే, ఇక హాలు ఆగలేదు.

వాళ్ళ తప్పు లేదు. స్పాంజి మీద నల్ల రెక్సిన్ పరిచి వదిలేస్తే అది జారి సంచిలా వేలాడుతుంది. అలాంటి పని చెయ్యడానికి బావకి చేతులు రావు. కాబట్టి ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ, ఆలోచించకుండా, సాలీడు వీపు మీద డైమండు ఆకారంలో నలభై రెండు బొత్తాలు వేసి బిగించేశాడు. కుడుతున్నప్పుడు ఎంత గర్వపడ్డాడో అతనికే తెలుసు. తెర మీద ఆ వీపు ఇరవై అడుగుల వెడల్పున కనిపించేసరికి తలెత్తుకోలేకపోయాడు.

బయటికొస్తున్నప్పుడు జనం ఏమనుకుంటున్నారో వినడానికి గుమ్మం పక్కన నిలబడ్డాడు కూడా. ఒకావిడ కాళ్ళు లెక్కపెట్టిందట, ఎనిమిదీ ఉన్నాయట, ఆ మాత్రం శ్రద్ధ చాలంది. ఒక పెద్దమనిషి "సాలీడు కంటే కాపలావాడే నయం, చచ్చిపోయాక కూడా బొటనవేలు కదిలిస్తూ నటించాడు" అన్నాడు. ఇంకొకాయన చాలాసేపు ఆలోచించి, "భయం వెయ్యలేదు గానీ నిద్ర కూడా రాలేదు" అని తీర్పు ఇచ్చాడు. అవన్నీ బావ పూసగుచ్చినట్టు బావమరిదికి చెప్పాడు. బొత్తాల ముక్క ఒక్కటే మింగేశాడు. వాడేమో తన కథ చూసి నవ్వారనుకుని సాలీడు కడుపులోకి చేరాడు.

ఇప్పుడు ఆ 'ఎనిమిదో కాలు' ఎవరో గానీ, బొత్తాల సంగతి రాయకుండా ఉంటారా? మనసు బాగాలేనప్పుడు అతను చేసే పని ఒక్కటే, ఏదో ఒక సీటు విప్పడం. మూల అత్తగారి వాలుకుర్చీ కనిపించింది. దాని స్ప్రింగు ఏడాది నుంచి పొడుచుకొస్తున్నా ఆవిడ బాగుచెయ్యనిచ్చేది కాదు. ఇవాళ ఆవిడ స్నానానికి వెళ్ళిన సమయం చూసి బావ భార్యే దాన్ని రిక్షా ఎక్కించి పంపించేసింది.

బావకి వృత్తిలో ఒక నియమం ఉంది. ఏ సీటు విప్పినా, కత్తెర పెట్టేముందు సీటుకీ వీపుకీ మధ్య సందులో చెయ్యి పెట్టి తడుముతాడు. సందులో దొరికినవి దొరికినట్టు ఒక రేకు డబ్బాలో వేసి, సీటుతో పాటు సొంతదారుకి అప్పగిస్తాడు. కాగితాలైతే చదవడు. ఇరవై ఏళ్ళలో ఎన్ని ఉత్తరాలు దొరికాయో, ఒక్కటి కూడా విప్పి చూడలేదు.

అత్తగారి కుర్చీ సందులో ఒక దువ్వెన, కళ్ళజోడు కాడ, మూత లేని ఎర్ర పెన్ను దొరికాయి. ఆ తర్వాత అట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకం వచ్చింది. డబ్బాలో వెయ్యబోతే పట్టలేదు. జారి కింద పడి మధ్యకి తెరుచుకుంది. మూసేద్దామని వంగిన బావకి పేజీ మీద సాలీడు బొమ్మ కనిపించింది. నియమం ఉన్న మాట నిజమే గానీ, సాలీడు బొమ్మ కనిపించాక కూడా చదవకుండా ఉండమని ఏ నియమమూ చెప్పలేదు.

ఎర్ర సిరాతో, గీత గీసినట్టు నిటారుగా ఉన్న అక్షరాలు.

'నూతిలో సాలీడమ్మ. బొమ్మ బాగానే ఉంది. మనుషులే బొమ్మల్లా ఉన్నారు. రెండున్నర కాళ్ళు.'

'లిఫ్టులో ఎనిమిది కాళ్ళు. లిఫ్టు తలుపు కంటే సాలీడు పెద్దది. ఎలా ఎక్కిందో చెప్పలేదు. దిగడం కూడా చూపించలేదు. ఒకటిన్నర.'

'గోడ మీద కన్ను. మామూలు సాలీడునే కెమెరాకి దగ్గరగా పాకించి పెద్దదన్నారు. కష్టపడలేదు, కానీ మోసమూ చెయ్యలేదు. నాలుగు.'

'పగబట్టిన గూడు. సాలీడు వచ్చినప్పుడల్లా హీరో నవ్వు ఆపుకుంటున్నాడు. టిక్కెట్టు కొని కూర్చున్నది మేము. నవ్వితే మేము నవ్వాలి. సున్నా.'

ఆ అక్షరాలు బావకి కొత్త కావు. పెళ్ళైన దగ్గర్నుంచి ఇంటికి తేవాల్సిన సామాన్ల చీటీలు ఆ చేతిరాతతోనే వస్తున్నాయి. ముప్పై రెండేళ్ళు బడిలో పిల్లల పేపర్లు దిద్ది, ఆరేళ్ళ క్రితం రిటైరైన టీచరమ్మ చేతిరాత. అతని అత్తగారిది. సాలీడు కడుపులో ఉన్నవాడి కన్నతల్లిది.

చివరి పేజీ తిప్పాడు. 'ఎనిమిది అడుగుల దూరంలో' అని పైన ఉంది. కింద రెండు గీతలు గీసి, నాలుగున్నర.

"అల్లుడుగారూ! నన్నడక్కుండా నా కుర్చీ కడుపు కోసేస్తున్నారా?"

గుమ్మంలో అత్తగారు. పరుగులాంటి నడకతో వచ్చినట్టుంది, రొప్పుతోంది. ఆవిడ చూపు ముందు కుర్చీ మీద, తర్వాత రేకు డబ్బా మీద, చివరికి బావ చేతిలో ఉన్న పుస్తకం మీద పడి అక్కడే ఆగిపోయింది.

"చదివారా?" అంది.

"అదే తెరుచుకుందండీ."

"పుస్తకాలు వాటంతట అవి తెరుచుకోవు. ముప్పై రెండేళ్ళలో ప్రతి కాపీగాడూ నాకు ఇదే చెప్పాడు."

"అంటే... ఆ ఎనిమిదో కాలు... మీరేనా అత్తయ్యా?"

"కాస్త మెల్లిగా. వీధంతా వింటుంది."

వీధి సంగతి ఎలా ఉన్నా, వినకూడనివాడు వినేశాడు. సాలీడు కిర్రుమంది.

"ఏమిటా చప్పుడు?"

"కాళ్ళ కింద చక్రాలండీ. నూనె వెయ్యాలి" అన్నాడు బావ. ఒట్టు వేసినవాడు మరి. అరచేత్తో సాలీడు తల మీద గట్టిగా ఒకటి తట్టాడు. "అత్తయ్యా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం, పదండి."

"ఇంట్లో మీ ఆవిడ ఉంది. దానికి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే. ఇక్కడైతే మీరూ నేనే కదా. కూర్చోండి."

బావ కూర్చున్నాడు. ఆవిడ కూర్చోమంటే ఎంతటివాడైనా కూర్చోవలసిందే. ఇంకొక ముక్కాలి పీట లాక్కుని ఆవిడ కూడా కూర్చుంది, సరిగ్గా సాలీడు పక్కనే.

"రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు బాబూ. దిద్దడానికి పేపర్లు లేవు. ఒక మధ్యాహ్నం ఫోన్లో ఏదో నొక్కబోతే సాలీడు సినిమా వచ్చింది. నా జన్మలో అంత చెత్త పేపరు చూడలేదు. కానీ మధ్యలో వదిలెయ్యడానికి మనసు రాలేదు. చివరిదాకా చూసి, తప్పులన్నీ రాసి, మార్కులు వేసేసరికి ప్రాణం కుదుటపడింది. అప్పట్నుంచి నూట పదకొండు చూశాను. నూట పన్నెండోది వీడిది."

"మీరు హాలుకి వచ్చారా?"

"వెనక వరసలో. ముసుగు వేసుకుని. మీరు నాలుగో వరసలో తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉండటం కూడా చూశాను."

బావ మొహం కందగడ్డ అయింది. ఇక దాచి ప్రయోజనం లేదనిపించింది. సాలీడు వింటోందన్న సంగతి తెలిసే, లేచి నిలబడి అన్నాడు.

"అత్తయ్యా, వాళ్ళు నవ్వింది వాడి సినిమాకి కాదు. నా బొత్తాలకి. వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు. నోరు రాలేదు. రెండేళ్ళు నిద్రాహారాలు మానేసి తీశాడు వాడు. నేను ఆలోచన లేకుండా సూదీ దారం పట్టుకుని దాన్ని సోఫా చేసి పెట్టాను. కావాలంటే నా పేరు పెట్టి తిట్టండి. సోఫా బావకి బుద్ధి లేదని రాయండి. కానీ ఆ అర కాలు వాడికి వెయ్యండి. అర కాలే కదా అత్తయ్యా!"

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు బావ. లేవలేదు.

"బొత్తాలకి నేను మార్కు తియ్యలేదు" అంది.

"తియ్యలేదా?"

"ఎందుకు తీస్తాను? నలభై రెండు బొత్తాలు లెక్కపెట్టాను. ఒక్కటి వంకర లేదు. సాలీడు సినిమాలో తాడు కనిపిస్తే నేను మార్కు తియ్యను. చక్రం కనిపించినా తియ్యను. అంత చేతకానివాళ్ళు కాబట్టే ఆ సినిమాలు తీస్తారు, చేతనైతే వేరేవి తీసేవాళ్ళు. నేను చూసేది ఒక్కటే. చేసినవాడు దాన్ని నిజమనుకుని చేశాడా, 'ఈ మాత్రం చాల్లే వీళ్ళకి' అనుకుని చేశాడా? మీ సాలీడుని చూస్తే, ఇది నిజంగా నడుచుకుంటూ వెళ్ళిపోతుందేమో, దారిలో వీపు జారకూడదు అనుకుని కుట్టినట్టుంది. దానికే రెండు కాళ్ళు వేశాను. పుస్తకంలో చూసుకోండి."

బావ చూసుకున్నాడు. 'సాలీడు కుట్టుపని: రెండు' అని నిజంగానే ఉంది. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాడు, వచ్చినవాళ్ళంతా కూర్చుని చూసి "మెత్తగా ఉంది" అని వెళ్ళిపోయినవాళ్ళే. లెక్కపెట్టినవాళ్ళు ఒక్కరు లేరు.

"మరి పోయిన కాళ్ళు ఎక్కడ పోయాయండీ?"

"మొదటి సగం సాగదీశాడు, ఒకటి. హీరోయిన్ని సాలీడు తరుముతుంటే ఆ పిల్ల ఆగి జుట్టు సర్దుకుంది, అర. చివర్లో సాలీడు మంటల్లో కాలిపోయిందన్నాడు, మంట చూపించకుండా పొగ చూపించాడు, ఒకటి."

"కాలిస్తే మళ్ళీ కుట్టాలి కదండీ. నేనే వద్దన్నాను."

"అది మీ ఇంటి గొడవ. తెర మీద పొగే ఉంది. ఆ తర్వాత సంగీతానికి అర. ఇంకో అర కాలు తియ్యలేదు, ఆపాను."

"ఆపడమంటే?"

ఆవిడ పేజీ అడుగున వేలు పెట్టింది. 'కాపలావాడు చనిపోయిన తర్వాత షాట్. లోపలి మనిషి పేరు టైటిల్సులో లేదు. అర కాలు ఆపడమైనది.'

ఆ షాట్ బావకి బాగా తెలుసు. ఎడిటింగులో యాభైసార్లు చూశాడు. ఖాళీ గోదాములో సాలీడు ఒంటరిగా ఉంటుంది. ఎవర్నీ తరమదు. ముందు కాళ్ళు నెమ్మదిగా ముడుచుకుని తల వాటి మీద ఆనిస్తుంది. చాలాసేపటికి, వెనక కుడి కాలు ఒకటి జరిగి ఎడమ కాలి వెనక్కి వెళ్ళి, దాన్ని నెమ్మదిగా రుద్దుతుంది. అంతే.

"హాలంతా ఆ ఒక్క నిమిషం గప్‌చుప్" అంది అత్తగారు. ఆవిడ గొంతు తగ్గింది. "మీరు తలదించుకుని ఉన్నారు కాబట్టి గమనించి ఉండరు. నూట పదకొండు సినిమాల్లో నాకు ఎప్పుడూ భయం వెయ్యలేదు. అక్కడ ఒళ్ళు జలదరించింది. దానికి ఎవర్నీ తినాలని లేదు. ఎక్కడికీ వెళ్ళాలని లేదు. ఇంత పెద్ద ఒళ్ళు వేసుకుని ఎవరికీ కనబడకుండా కాసేపు కూర్చోవాలని ఉంది, అంతే. ఏడుపొచ్చింది నాకు. టైటిల్సులో 'సాలీడు లోపల' అని చెప్పుల కొట్టాయన పేరు వేశారు. మిగతా సినిమా అంతా ఆయనే, మోకాళ్ళ నొప్పి మనిషి, నడకలో తెలుస్తూనే ఉంది. ఈ షాట్‌లో ఆయన లేడు. పేపరు మధ్యలో చేతిరాత మారితే నాకు తెలియదా? ఎవరో చెప్పండి, అర కాలు వేసేస్తాను. అయిదవుతుంది. చెప్పకపోతే నాలుగున్నరే. నంబరు వెయ్యని పేపరుకి నేను మార్కు వెయ్యను."

"ఒక్కసారికి వేసేద్దురూ."

"సొంత కొడుక్కే వెయ్యలేదు."

సాలీడు లోపల టీ గ్లాసు రెక్సిన్‌కి తగిలి టక్కుమంది. అత్తగారు వినిపించుకోలేదు. ఆవిడ చూపు ఎక్కడో ఉంది.

"వాడు పదో తరగతిలో తప్పాడని మీకు తెలుసు. ఎలా తప్పాడో తెలియదు. సైన్సు పేపరు నా దగ్గరికే వచ్చింది. బొమ్మ వేసిన విడి కాగితం మీద నంబరు వెయ్యడం మర్చిపోయాడు వెధవ. ఆ బొమ్మ, ఆ రాత, వాడివేనని నాకు తెలుసు. ఆ బొమ్మకి మార్కు వేస్తే గట్టెక్కేవాడు. వెయ్యలేదు. ఏడాది పోయింది వాడికి. వెయ్యనందుకు ఇప్పటికీ బాధే బాబూ. వేసుంటే ఇంకా బాధపడేదాన్ని. అది ఎవరికి చెప్పుకోను?"

బావ ఇక ఆగలేకపోయాడు. ఇంతసేపూ అతని నాలుక చివర ఆడుతున్న మాట ఒక్కసారిగా బయటపడింది.

"అత్తయ్యా, ఆ షాట్‌లో లోపల ఉన్నది ఎవరనుకున్నారు? మీ అబ్బాయేనండీ! ఆ రోజు చెప్పుల కొట్టాయన నడుం పట్టేసి వెళ్ళిపోయాడు. మేమంతా క్యారియర్లు తీసుకుని గోదాము వెనక చెట్టు కిందకి భోజనానికి వెళ్ళాం. వాడే లోపల దూరి చేసి ఉంటాడు. ఇంకెవరికి వస్తుంది ఆ పని?"

అత్తగారు గబగబా రేకు డబ్బాలోంచి ఎర్ర పెన్ను తీసి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుంది. "వాడేనా?" అంది. "మా వాడేనా? ఎంత బాగా చేశాడు..."

పెన్ను కాగితాన్ని తాకబోయింది.

"అమ్మా" అంది సాలీడు. "అది నేను కాదు."

జిప్పు బర్రుమని తెరుచుకుంది. తల నిండా స్పాంజి ముక్కలతో దర్శకుడు పాక్కుంటూ బయటికి వచ్చాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చుని ఉంటే అర కాలూ వచ్చేది, వారం రోజుల ఆటా వచ్చేది, పుట్టి బుద్ధెరిగాక తల్లి నోట మొదటిసారి వచ్చిన మెప్పూ అతనికే దక్కేది. ఆ సంగతి అతనికీ తెలుసు. మొహం చూస్తే తెలుస్తోంది.

"నువ్వు... మొదట్నుంచీ విన్నావా?" అంది తల్లి.

"విన్నాను. నంబరు లేని కాగితం సంగతి కూడా." గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు భోజనానికి వెళ్తూ కెమెరా ఆపడం మర్చిపోయాను. వచ్చి చూసుకుంటే ఈ షాట్ ఉంది. బావ దూరాడనుకున్నాను. అడిగితే సిగ్గుపడతాడని అడగలేదు." అప్పుడు అతనికి ఇంకొకటి గుర్తొచ్చి ఒక్కసారిగా ఇటు తిరిగాడు. "బావా! బొత్తాలకా నవ్వింది? నేను రెండు రోజులు దీని కడుపులో పడి కుమిలిపోయింది నీ బొత్తాలకా?"

"అరవకురా" అంది తల్లి. "రెండు కాళ్ళు తెచ్చిన బొత్తాలవి." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "మీరు కాదా మరి?"

"నేనెక్కడ పడతానండీ ఆ జిప్పులో? పొట్ట చూశారుగా."

"మరి ఎవరు?"

ముగ్గురూ సాలీడు వైపు చూశారు. అది నోరు తెరుచుకుని అమాయకంగా నిలబడి ఉంది. గడియారం ముల్లు ఆరుకి పావుగంట తక్కువలో ఉంది.

"ఏమండీ, టీ."

గుమ్మం అవతల బావ భార్య, చేతిలో పళ్ళెం. ఆవిడ లోపలికి రాదు. మూడో వారం కథ చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సాలీడు ఈ దుకాణంలో ఉన్నన్నాళ్ళూ గడప దాటనని, ఈ ఇంటి మనుషులెవరైనా ఆ బొమ్మలో దూరితే వాళ్ళకి తన చేత్తో తిండి పెట్టనని చుట్టాలందరి ముందూ శపథం చేసిన మనిషి ఆవిడ. ఆ రోజు గోదాముకి భోజనం క్యారియర్లు తెచ్చినప్పుడు కూడా గుమ్మంలోనే పెట్టి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందనే అందరూ అనుకున్నారు.

"అక్కా, ఆ రోజు నువ్వు క్యారియర్లు తెచ్చినప్పుడు గోదాములో ఎవరైనా కనిపించారా?" అన్నాడు తమ్ముడు.

"నాకేం తెలుసు? పొద్దస్తమానం మీ అందరికీ వండి మోసుకురావడమే సరిపోతోంది నాకు. కాసేపు కూర్చోవడానికి చోటుందా ఎక్కడైనా? మీ సాలీళ్ళూ మీ కాళ్ళూ మీరే చూసుకోండి" అంది ఆవిడ.

బావ పళ్ళెం అందుకోవడానికి గడప దగ్గరికి వెళ్ళాడు. అలవాటుగా కిందికి చూశాడు. నిలబడి ఉన్న భార్య కాళ్ళు కనిపించాయి. కుడి పాదం నెమ్మదిగా జరిగి ఎడమ చీలమండ వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆగి, నెమ్మదిగా రుద్దింది. పదిహేనేళ్ళుగా రోజూ వంటింట్లో చూస్తున్న కాళ్ళే. యాభైసార్లు తెర మీద చూసినా గుర్తుపట్టలేకపోయిన కాళ్ళు.

పళ్ళెంలో గ్లాసులు గలగలమన్నాయి.

"ఏమైంది అల్లుడుగారూ?" అంది వెనక నుంచి అత్తగారు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. "ఎవరో తెలిసిందా?"

బావ తలెత్తి భార్య కళ్ళలోకి చూశాడు. ఈ పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని కళ్ళతో బెదిరించడం ఎన్నోసార్లు చూశాడు. కళ్ళతో బతిమాలడం ఇదే మొదటిసారి. చెప్పమని బతిమాలుతోందో, చెప్పొద్దని బతిమాలుతోందో మాత్రం అతనికి అంతుపట్టలేదు. ఆరుకి ఇంకా పన్నెండు నిమిషాలుంది.